నా నడుము, నా బొటనవేలు

నాది నల్గొండ జిల్లాలో ఎరువులు, పురుగుమందుల షాపు. బస్తాలు దించేది, ఎత్తేది హమాలీలే అయినా, సీజన్‌లో మనుషులు దొరకనప్పుడు నేనూ ఓ చెయ్యి వేసేవాణ్ణి. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలైంది కానీ డీఏపీ ఇప్పటికీ 50 కిలోలే. అందుకే నా నడుము సంగతి తెలిసినవాళ్లంతా బస్తా ఎత్తుతుంటేనే పట్టేసిందనుకున్నారు. నిజానికి అది తుమ్ముతో వచ్చింది. పొద్దున పళ్లు తోముకుంటూ వాష్‌బేసిన్ మీదికి వంగినప్పుడు గట్టిగా తుమ్మాను. నడుములో చిటుక్కుమంది. మళ్లీ నిటారుగా నిలబడటం నా వల్ల కాలేదు.

మొదటి వారం ఊళ్లో వైద్యమే. నరం పట్టేసిందని ఒకరు, పూస జరిగిందని ఇంకొకరు. మా పెద్దమ్మ అయితే ఎదురుకాళ్లతో పుట్టిన పిల్లాణ్ణి వెతికి పట్టుకొచ్చి నా నడుము మీద తన్నించింది. వాడు ఆరో తరగతి. పెద్దవాళ్లను తన్నాలంటే సిగ్గేసి, పాదం అలా ఆనించి తీసేసి, “తగ్గిందా అంకుల్?” అని అడిగాడు. కొంచెం తగ్గిందన్నాను, ఏం చేస్తాం మరి. విచిత్రం ఏంటంటే నడుము నొప్పి నిజంగానే తగ్గింది. కానీ అదే నొప్పి కాల్లోకి దిగింది. ఎడమ పిరుదులో మొదలై, తొడ వెనకగా, పిక్క బయటివైపు నుంచి, పాదం పైభాగం మీదుగా బొటనవేలి దాకా కరెంటు తీగ లాగినట్టు సలుపు. దగ్గినా, తుమ్మినా, మలవిసర్జనకు ముక్కినా ఇంకా ఎక్కువయ్యేది. కూర్చుంటే నరకం. నిలబడితే ఫర్వాలేదు. షాపులో కౌంటర్ దగ్గర నిలబడే బిల్లులు రాశాను.

ఇంకోటి కూడా జరుగుతోంది. నడుస్తుంటే ఎడమకాలి హవాయి చెప్పు జారిపోతోంది. చెప్పు పాతదైందని కొత్త జత కొన్నాను. అదీ జారింది.

నల్గొండలో ఎముకల డాక్టర్‌కు చూపిస్తే ఎమ్మారై రాశాడు. స్కానింగ్ సెంటర్‌లో మొలతాడుకున్న రాగి తాయెత్తు తీసేయమంటే దానికే చాలాసేపు పట్టింది, ఎన్నేళ్ల ముడో అది. తర్వాత ఆ గొట్టంలో కదలకుండా వెల్లకిలా పడుకుని అరగంట పాటు టకటకలు వినడమే. కాలు చాపి పడుకోవడమే కష్టమైన మనిషికి ఆ అరగంట మామూలు అరగంట కాదు, అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు.

రిపోర్ట్ చేతికొచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. మల్టీ లెవెల్ డిస్క్ డీజనరేషన్. ఎల్3-ఎల్4 దగ్గర డిఫ్యూజ్ బల్జ్. ఎల్4-ఎల్5 దగ్గర లెఫ్ట్ పారాసెంట్రల్ ఎక్స్‌ట్రూజన్. ఎల్5-ఎస్1 డిస్క్ డెసికేషన్. ఫాసెట్ ఆర్థ్రోపతీ. ఎల్ అంటే నడుము పూసలు, ఎస్ అంటే వాటి కింది త్రికం అని తర్వాత తెలిసింది. మా బావమరిది ఆ కాగితం ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా “బావకు మూడు పూసలు అరిగిపోయినయంట” అని ఖమ్మం దాకా పాకింది. మా అత్తమ్మ ఫోన్ చేసి ఏడ్చింది.

ఆ ఫిల్మ్ పట్టుకుని హైదరాబాద్‌లో ఒక స్పైన్ సర్జన్ దగ్గరికి వెళ్లాం. వయసు అరవై దగ్గర ఉంటుంది. కవర్ ఇస్తే టేబుల్ మీద పక్కన పెట్టేసి, “అది తర్వాత చూద్దాం, సాక్సులు విప్పి బల్ల మీద పడుకోండి” అన్నాడు. ముందు ఫిల్మే చూడాలి కదా అని మా బావమరిది మొహం చిన్నబోయింది.

మోకాలి కింద చిన్న సుత్తితో తట్టాడు. మడమ వెనక తట్టాడు. కాలు మడవకుండా పైకి లేపుతూ వచ్చాడు. కుడికాలు హాయిగా లేచింది, ఎడమది సగం దూరం కూడా లేవకముందే పిరుదు నుంచి పాదానికి షాక్ కొట్టింది, అరిచాను. కాలు చాచి అలా ఎత్తినప్పుడు నడుము నుంచి దిగే నరం సాగుతుంది, ఎక్కడైనా ఒత్తిడిలో ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఆ తర్వాత నా రెండు బొటనవేళ్లు పట్టుకున్నాడు. “వేళ్లు మీ మొహం వైపు లేపి ఉంచండి. నేను కిందికి నొక్కుతా. మీరు నొక్కనివ్వొద్దు.” కుడివేలు ఇనుములా నిలిచింది. ఎడమ వేలు, నేను ఎంత బిగబట్టినా, ఆయన ఒక్క వేలితో నొక్కితే వంగిపోయింది. నా ఒంట్లో నేను చెప్పిన మాట వినని భాగం ఒకటుందని అప్పుడే చూశాను. చెప్పు ఎందుకు జారుతోందో కూడా అప్పుడే అర్థమైంది. కాగితం మీద “ఎల్5, నాలుగు బై ఐదు” అని రాసుకున్నాడు. కండరం బలాన్ని సున్నా నుంచి ఐదు వరకు లెక్కేస్తారట. నాలుగంటే పనిచేస్తోంది గానీ పూర్తి బలం లేదు. మూడంటే తన సొంత బరువు వరకు లేపుతుంది గానీ, ఎదురు ఒత్తిడి అస్సలు తట్టుకోలేదు.

అప్పుడు ఫిల్మ్ తీశాడు. “మీ నరం ఏదో మీ వేలు ముందే చెప్పేసింది. ఫిల్మ్‌లో దాన్ని సరిచూసుకోవడమే.”

టేబుల్ మీద ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ ఉంది. దాన్ని మా ముందుకు జరిపి ఓపిగ్గా చెప్పాడు. పుట్టినప్పుడు 33 పూసలు. మెడలో 7, పక్కటెముకలు అతుక్కునే ఛాతీ వెనక 12, నడుములో 5. కింద త్రికం అనే 5, తోకఎముక 4, పెద్దయ్యేసరికి ఇవి అతుక్కుపోతాయి. కదిలేవి 24. మెడలో మొదటి రెండింటి మధ్య తప్ప మిగతా ప్రతి రెండు పూసల మధ్యా ఒక డిస్క్, మొత్తం 23. డిస్క్ అంచు గట్టి పీచు పొరలు, మధ్యలో నీటితో నిండిన మెత్తని గుజ్జు. బొబ్బట్టు ఒత్తేటప్పుడు అంచు చిరిగి పూర్ణం బయటికొచ్చినట్టు, పొర చీలిన చోట గుజ్జు వెనక్కి తోసుకొస్తుంది. రిపోర్ట్‌లో ఎక్స్‌ట్రూజన్ అన్నది దీన్నే. పూసలు జరగడం కాదిది. నాకు ఏ పూసా జరగలేదు. పూస ముందుకు జరగడం వేరే జబ్బు, దానికి లిస్తెసిస్ అని పేరు.

నాకు అర్థం కానిది ఒకటే. దెబ్బ ఎల్4-ఎల్5 మధ్య డిస్క్‌కైతే ఎల్5 నరానికి నొప్పేంటి? ఆయన బొమ్మలో పసుపు రంగు తీగ చూపించాడు. నడుములో ప్రతి నరం తన పూస కింది రంధ్రం గుండా పక్కకి వెళ్లిపోతుంది. ఎల్4 నరం ఆ డిస్క్ స్థాయికి వచ్చేసరికే పైనుంచి బయటపడి ఉంటుంది. ఎల్5 ఇంకా లోపలే దిగుతూ ఉంటుంది. గుజ్జు మధ్యకి కాస్త పక్కగా వస్తే దాని దారిలో ఉన్నది ఎల్5. బొటనవేలిని పైకి లేపేది ఎక్కువగా ఆ నరమే. అదే ఒక మెట్టు కింద ఎల్5-ఎస్1లో అయితే ఎస్1 నరం దెబ్బతింటుంది. అప్పుడు నొప్పి చిటికెనవేలి వైపు, పాదం అంచుకు వెళ్తుంది, మునివేళ్ల మీద నిలబడటం కష్టమవుతుంది, మడమ వెనక సుత్తితో తట్టినా కాలు స్పందించదు.

“మరి మిగతావన్నీ?” అని మా బావమరిది రిపోర్ట్ చూపించాడు. ఆ బల్జ్ (డిస్క్ ఉబ్బు), డెసికేషన్ (డిస్క్ ఎండిపోవడం), ఆర్థ్రోపతీ (పూసల కీళ్ల అరుగుదల)ల గురించి. డాక్టర్ నవ్వాడు. ఏ నొప్పీ లేని మనుషులకు స్కాన్ తీసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చిందట, మూడు వేల మందికి పైగా. నొప్పి లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే నూటికి 37 మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. నలభై ఏళ్లవాళ్లలో 68 మందికి, ఎనభైలో 96 మందికి. ఉబ్బు కూడా నలభైలో సగం మందికి ఉంది. “ఈ కాగితంలో ఎక్కువ భాగం మీ వయసు. మీ జబ్బు ఈ ఒక్క లైనే” అని ఎల్4-ఎల్5 దగ్గర పెన్నుతో గీశాడు. మా అత్తమ్మకు ఆ ఫోటో కూడా పంపాం.

ఆపరేషన్ చేస్తారనుకునే వెళ్లాం. డబ్బులు కూడా సర్దుకున్నాం. ఆయన తొందర లేదన్నాడు. 2007లో నెదర్లాండ్స్‌లో సయాటికా, అంటే నాలాగే నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి, ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారట, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, ఇంకో జట్టుకు ఆగి చూడటం. ఏడాది తర్వాత రెండు జట్ల ఫలితం దాదాపు ఒకటే. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా పోయింది, తేడా అంతే. ఆగిన జట్టులో నూటికి నలభై మంది దాకా తట్టుకోలేక తర్వాత ఆపరేషన్‌కు వెళ్లారన్న మాట కూడా దాచలేదు. బయటికొచ్చిన గుజ్జును ఒంట్లోని రక్షణ కణాలే కొద్దికొద్దిగా తినేస్తాయట. అందులోనూ కొంచెం ఉబ్బిన డిస్క్ కన్నా, పొర చీలి పెద్ద ముక్క బయటికొచ్చిందే ఎక్కువగా కరిగిపోతుందన్నాడు. అది నేను నమ్మలేదు, ఇంటికొచ్చాక ఇంకొకర్ని కూడా అడిగి కన్ఫర్మ్ చేసుకున్నాను.

కానీ గీత ఒకటి గీశాడు. బొటనవేలి బలం తగ్గుతూ పోయినా, పాదం వేలాడినా ఆగకూడదు. రోజూ వరండాలో మడమల మీద నడిచి చూసుకోమన్నాడు. మా ఆవిడ కాపలా. “ఏమండీ, ఎడమది మళ్లీ కిందికి పోతోంది” అని పొద్దున్నే రిపోర్ట్ ఇచ్చేది. ఎమ్మారై కన్నా ఆమె రిపోర్టే పనికొచ్చింది.

మూత్రం గురించి కూడా చెప్పాడు. అది అన్నిటికన్నా ముఖ్యమని రెండుసార్లు చెప్పాడు. వెన్నుపాము నడుము కింది దాకా ఉండదు, పెద్దవాళ్లలో ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి విడి నరాల కట్ట. పెద్ద ముక్క వచ్చి ఆ కట్ట మొత్తాన్ని నొక్కితే మూత్రం రాదు, లేదా తెలియకుండా పోతుంది. జీను మీద కూర్చుంటే ఆనే చోట, అంటే తొడల మధ్య, మలద్వారం చుట్టూ, స్పర్శ తెలియదు. అలా అయితే అపాయింట్‌మెంట్, తెల్లవారడం లాంటివేమీ చూడకుండా ఆ రాత్రే రమ్మన్నాడు.

మందులు మామూలే. నొప్పి మాత్ర, నరాల మాత్ర. ఆ నరాల మాత్రతో మొదట్లో ఎంత మత్తంటే, ఒక రైతు జింక్ అడిగితే గడ్డిమందు ఇవ్వబోయాను, హమాలీ చూసి ఆపాడు. తర్వాత డోసు తగ్గించారు. మధ్యలో నొప్పి బాగా ముదిరితే సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం కింద చూస్తూ నరం పక్కన స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని వారాలు నిద్రపట్టింది. అది డిస్క్‌ను అతికించదు, వాపు తగ్గి నడవడానికి వీలు కల్పిస్తుంది, అంతే. పడక మాత్రం వద్దన్నారు. మా నాన్న కాలంలో నడుము పడితే నెలరోజులు చెక్కమంచం. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో సయాటికాకు రెండు వారాల పడక విశ్రాంతి వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని తేలిందట. రాత్రంతా డిస్క్ నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది కాబట్టి లేచిన గంట దాకా మాత్రం ముందుకు వంగొద్దన్నారు. నేను తుమ్మింది సరిగ్గా ఆ సమయంలోనే.

నల్గొండలో ఫిజియోథెరపీకి వెళ్లిన ఆ రోజుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అక్కడికొచ్చే వాళ్లను చూస్తే వెన్నెముకలో ఎక్కడెక్కడ ఏమేం చెడిపోతాయో అంతా ఒక్క హాల్లో కనిపించేది. బకెట్ ఎత్తుతుంటే పూస అణిగిపోయిన ముసలమ్మ ఒకామె. ఎముక గుల్లబారి ఉంటే అంత చిన్న పనికే పూస ముందువైపు కుంగిపోతుందట, మనిషి ఎత్తు తగ్గి గూని వస్తుంది. మర్రిగూడ వైపు పెద్దాయన ఇంకొకరు, తల తిప్పాలంటే మొండెమంతా తిరగాల్సిందే. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అది చాలా ఎక్కువైతే పూసల మధ్య తంతువులు కూడా ఎముకగా మారతాయి, లోపలి దారి ఇరుకై వెన్నుపామునే నొక్కుతాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ మా జిల్లా పేరే పెట్టింది. ఆ పేరు వచ్చినందుకు మేం గర్వపడాలో లేదో ఇప్పటికీ తెలియదు.

నా పక్క బల్ల మీద ఒక గీత కార్మికుడు. ముప్పై ఉంటాయేమో. తాటిచెట్టు మీద మోకు జారి పడ్డాడు. కూలబడినట్టు కాళ్ల మీద పడ్డాడు. ఎత్తు నుంచి అలా పడితే దెబ్బ మడమల్లోంచి పైకెక్కి డి12 (ఛాతీ వెనక చివరి పూస), ఎల్1 (నడుము మొదటి పూస) దగ్గర పగులుతుందట. ఎందుకంటే పైన పక్కటెముకలతో బిగిసిన భాగం, కింద బాగా కదిలే నడుము, ఆ రెండూ కలిసే చోటు అది. అందుకే చెట్టు మీంచి పడ్డ మనిషి మడమ నొప్పి అంటే, వెన్నుకూ ఫోటో తీయాలంటారు. ఇతనికి ఎల్1 ముక్కలై, ఒక ముక్క వెనక్కి, వెన్నుపాము చివర మీదికి వచ్చింది.

“చెట్టు కింద పడ్డంక కాళ్లు నాయేనా అనిపించిందన్నా. చేతుల్తోటి ముట్టి చూసుకున్న” అన్నాడు.

ఊళ్లోవాళ్లు ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు పట్టుకుని లేపి ఆటోలో కూర్చోబెట్టారు. పగిలిన వెన్నుకు అంతకంటే ప్రమాదం లేదు. కదపకుండా, మనిషినంతా ఒకేసారి దొర్లించి చెక్క మీదికి తీసుకోవాలి, 108 వచ్చేదాకా అక్కడే ఉంచాలి. వాళ్లను తప్పుపట్టలేం, ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్‌లో స్క్రూలు, రాడ్లు వేసి పైన రెండు, కింద రెండు పూసలను బిగించారు. అతను వచ్చినప్పుడు ప్యారలల్ బార్లు పట్టుకుని నిలబడేవాడు. మూత్రానికి రోజుకు కొన్నిసార్లు గొట్టం తనే వేసుకునేవాడు, భార్య నేర్చుకుని అతనికి నేర్పింది. పిరుదుల మీద పుండు పడకుండా ఇంట్లో రెండేసి గంటలకు పక్క మార్చేదట, రాత్రిళ్లు సెల్‌ఫోన్‌లో అలారం పెట్టుకుని. రాష్ట్ర ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు జారినా మనిషి కింద పడకుండా అది పట్టి ఉంచుతుంది. ఇతను పడేనాటికి అతని దగ్గర అది లేదు.

ఫిజియో అమ్మాయి అతన్ని కూడా నన్ను అడిగినట్టే అడిగేది, “బొటనవేలు లేపండి.” ఒకరోజు అతని కుడివేలు కదిలింది. లేవలేదు, వణికినట్టు కదిలింది. ఆ అమ్మాయి కేస్ షీట్‌లో సున్నా కొట్టేసి ఒకటి రాసింది. హాల్లో ఉన్న మేమందరం లేచి చూశాం. నాలుగు బై ఐదు అని రాస్తే అన్ని వారాలు దిగులుపడ్డ నాకు ఆ ఒకటి విలువేంటో బాగా తెలిసొచ్చింది.

నా వేలు సీజన్ అయిపోయేసరికి ఐదుకొచ్చింది. చెప్పు జారడం మానేసింది. పాదం పైన రూపాయి బిళ్లంత చోట మొద్దుబారినట్టే ఉంది, అది ఇక అలాగే ఉండొచ్చన్నాడు డాక్టర్. మళ్లీ ఎమ్మారై తీయిద్దామా అని మా బావమరిది అడిగితే, దేనికీ అన్నాడు. కాలు బాగుంటే ఫిల్మ్ ఎలా ఉన్నా నాకక్కర్లేదన్నాడు. పెళ్లిళ్లలో కింద కూర్చునే బంతి భోజనం నావల్ల కావట్లేదు, టేబుల్ చూసుకుంటా. షాపులో బస్తాల దొంతర కింద చెక్కల ఎత్తు పెంచాం, హమాలీలు నేల దాకా వంగక్కర్లేకుండా. ఈ మార్పు వాళ్లే అడిగి చేయించుకున్నారు, నా కథంతా చూశాక.

ఇప్పుడు షాపుకొచ్చే రైతులు నడుము నొప్పంటే ముందు మూడు అడుగుతాను. నొప్పి మోకాలి కిందికి దిగుతోందా, మడమల మీద నాలుగడుగులు వేయగలవా, మూత్రం మామూలుగా వస్తోందా. మొన్న తిప్పర్తి దగ్గరి రైతు ఒకాయన కౌంటర్ ముందు మడమల మీద శుభ్రంగా అటూ ఇటూ నడిచి చూపించాడు. నొప్పి కాల్లోకి రాలేదు, మూత్రానికి ఇబ్బంది లేదు. భయపడే పని లేదు, పడుకోకుండా తిరుగు, రెండుమూడు వారాల్లో తగ్గకపోతే డాక్టర్‌కు చూపించు అన్నాను. “గంతేనా? ఎమ్మారై వద్దా?” అని చాలా నిరాశపడి, రెండు బస్తాల యూరియాకు బిల్లు రాయించుకుని, హమాలీతో ట్రాలీలో వేయించుకుని వెళ్లాడు.